రోలుకు గంట్లు, కాలికి కట్టు

కరెంటు పోతే నాకు పని దొరికింది. అప్పటి సంగతులు రాసేటోళ్ళు కష్టాలే రాస్తరు. కష్టం ఉండె, లేదంటలే. కానీ నా బతుకుల నలుగురు గేటు తీసి నన్ను లోపలికి పిలిచిన రోజులు అవ్వే. అందుకే రాస్తున్న. యాభై దాటినంక అక్షరాలు నేర్చినోన్ని, తప్పులుంటే సదువుకున్నోళ్ళు సర్దుకోర్రి.

తెలంగాణ కోసం సకల జనం పని బందు పెట్టిన రోజులు. బస్సులు డిపోల్ల నిలబడ్డయి. బడులు మూత. బొగ్గుబాయిల పని ఆగింది, దాంతోని ఇక్కడ కరెంటు పోవుడు మొదలైంది. మేము ఎల్బీ నగర్ చౌరస్తా ఎనుక బస్తీల ఒక్క రూం కిరాయికి తీసుకొని ఉండేటోళ్ళం. నేను పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఏ మేస్త్రి పిలిస్తే ఆ మేస్త్రి ఎంట పోయేటోన్ని. సమ్మెల ఇసుక లారీ రాలే, సిమెంటు రాలే, ఇండ్లు కట్టుడు ఆగింది. పది గంటల దాక నిలబడి, ఎవలూ పిలువక, ఎవరి ఇంటికి వాళ్ళం పోయేది.

నా అసలు పని అడ్డా పని కాదు. మా తాత, మా అయ్య రాళ్ళు కొట్టినోళ్ళు. నల్గొండ పక్క ఊర్లల్ల ఇసుర్రాళ్ళకు, రోళ్ళకు గంట్లు పెట్టుడు మా ఇంటి పని. రాయి నూరంగ నూరంగ నున్నగైతది. నున్నటి రాయి గింజను పట్టదు, గింజ జారిపోతది. దాని మీద ఉలి పెట్టి సన్నసన్న గంట్లు కొడితే, రాయికి మళ్ళ పండ్లు మొలిచినట్టైతది. నేను పట్నం వచ్చేసరికి ఇంటింటికి మిక్సీలు వచ్చినయి. ఉలి, సుత్తె గోనె సంచిల చుట్టి మంచం కింద తోసిన. ఏండ్లకేండ్లు తీయలే.

ఇగ నా పెండ్లాం కాలు. ఆమెకు షుగరు. నాలుగు ఇండ్లల్ల బాసాన్లు తోమేది. ఎక్కడ గుచ్చుకున్నదో ఏమో, కుడి కాలు బొటనవేలు కింద పుండు పడ్డది. నొప్పి లేదని వారం రోజులు నాకు చెప్పలే. నొప్పి లేకపోవుడే రోగమని మాకేం ఎరుక. పెద్ద దవాఖానకు తీస్కపోతే డాక్టరు చూసి మందులు రాసిచ్చి ఒక్కటే మాట అన్నడు. "రోజూ కడిగి కట్టు కట్టించు. ఇడిస్తే ముందుగాల వేలు తీయాల్సొస్తది, తర్వాత పాదం." ఆ మాట అన్న మూడో రోజు నుంచి బస్సులు బంద్. ఆటోలు ఒకనాడుంటే ఒకనాడు లేవు. నేనే ఇంట్ల నీళ్ళు కాగబెట్టి కడిగి, పాత ధోతి చింపి కట్టిన. పుండు తగ్గలే. రోజురోజుకు అంచు పెద్దగైంది.

పని దొరుకుతదేమోనని ఒకనాడు వనస్థలిపురం కాలనీల దిక్కు నడిచిన. అక్కడ కోస్తా నుంచి వచ్చిన నౌకరీలోళ్ళ ఇండ్లు మస్తు. పొద్దున టిఫిన్ యాళ్ళకే కరెంటు పోయేది వాళ్ళకు. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతది, దానికి కరెంటుతోని పని లేదు. కానీ పిండి ఎవలు రుబ్బాలె, చట్నీ ఎవలు నూరాలె? ఒక ఇంటి ముందు నుంచి పోతుంటే లోపల మొగ గొంతు వినబడ్డది.

"మళ్ళీ ఉప్మాయేనా?"

ఆడ గొంతు జవాబిచ్చింది. "ఉప్మా కాకపోతే ఏం పెట్టను, ఉద్యమం పెట్టనా ప్లేట్లో?"

నేను నవ్వుకుంట అక్కడ్నే ఆగిన. గేటు సందుల నుంచి చూస్తే నల్లా కింద ఒక రుబ్బురోలు బోర్లేసి ఉన్నది. దాని మీద కాలు పెట్టి కడుక్కుంటున్నరు. నాకు మనసున పట్టలే. గేటు కొట్టిన.

"అమ్మా, అంత మంచి రాయిని బోర్లేసి తొక్కుతున్నరు. తిప్పుర్రి దాన్ని. గంట్లు కొడత. మీ చట్నీ మీరే నూరుకోర్రి, కరెంటోని కాళ్ళు మొక్కుడెందుకు."

ఆమె బయటికొచ్చింది. అరవై దగ్గర ఉంటది. నన్ను, నా చేతులను చూసింది. "మా అమ్మ నా పెళ్ళికి ఇచ్చింది ఆ రోలు. రాజమండ్రి నుంచి లారీలో వచ్చింది. దానికింకా ప్రాణం ఉందంటావా?"

"రాయికి ప్రాణం పోదమ్మా. పండ్లు పోతయ్."

"ఎంత తీసుకుంటావేమిటి?"

ఆ మాట చెప్పేలోపు నా చూపు లోపలి గోడ మీద పడ్డది. ఫోటోల ఆమే, తెల్ల చీర, నెత్తి మీద తెల్ల టోపీ. "మీరు నర్సమ్మనా?" అని అడిగిన.

"రిటైరయ్యాను."

"అయితే పైసలొద్దు," అని నా పెండ్లాం కాలు సంగతి చెప్పిన.

ఆమె ఇంకో ముచ్చట అడగలే. "రేపు పొద్దున్నే తీసుకురా. నడిపించి తేవద్దు. ఆ కాలు నేల మీద పెట్టనివ్వకు," అన్నది.

నేల మీద పెట్టకుంట మూడు కిలోమీటర్లు ఎట్ల తేవాలె? మా బస్తీల అరటిపండ్లు అమ్మేటాయన ఉండె. సరుకు రాక ఆయన తోపుడు బండి ఖాళీగ గోడకు ఆనించి ఉన్నది. బండి అడిగితే, ఊకెనే ఇయ్య, మా అమ్మ ఇసుర్రాయి బాగుచెయ్యి అన్నడు. పొద్దుమూకేలోపు చేసిచ్చిన. తెల్లారి బండి మీద బొంత ఏసి నా పెండ్లాన్ని కూసోబెట్టి తోసుకుంట పోయిన. చౌరస్తా మీద అడ్డా దోస్తులు చూసి, "ఏంది వదినా, ఊరేగింపా?" అన్నరు. "అవు, మీరు ముందర డప్పు కొట్టుర్రి," అన్నది ఆమె. ఆమె నోటికి షుగరు రాలే.

నర్సమ్మ కట్టు ఇప్పి పుండు చూసి పండ్లు కొరికింది. వేడినీళ్ళు, సెలైను, కత్తెర, దూది అన్ని వరుసగ పెట్టుకొని చచ్చిన తోలు కత్తిరించి, కడిగి కట్టు కట్టింది. నేను అటు తిరిగి రోలు పని మొదలు పెట్టిన. ముక్కుకు తడి గుడ్డ కట్టుకొని నడిమి నుంచి బయటి దిక్కు వరుసగ కొట్టుకుంట రావాలె. లోతు కొడితే పప్పు గంట్లల్ల దాక్కుంటది, పైపైన కొడితే వారానికే నున్నగైతది. చేతికి ఎరుక అదంత. ఏండ్లకేండ్లు ముట్టకున్నా చెయ్యి మరువలే. మొదటి దెబ్బకే రాయి ఖంగుమన్నది. ఆ సప్పుడుకు నా కండ్లు తడైనయి. దుమ్ము పడ్డదని అనుకున్నరు వాళ్ళు, అనుకోనీ.

సాయంత్రం నర్సమ్మ లెక్క ఒకటి తేల్చింది. "చూడు పెద్దాయనా, రోలు పని ఒక్క రోజు. కాలు పని నెల రోజులు. ఇది సమానం కాదు. మా వీధిలో ప్రతి ఇంట్లో ఒక రాయి పడి ఉంది. రోజుకొకటి కొట్టు. వాళ్ళు నాకు పాలో కూరో ఇస్తారు, నేను నీ భార్య కాలు చూస్తాను. నీకు తిండి గింజలు నువ్వే అడిగి తెచ్చుకో."

అట్ల మొదలైంది. ఆ వీధిల నేను నోటు ముఖం చూడలే. ఒక ఇంట్ల బియ్యం, ఒక ఇంట్ల కందిపప్పు, ఒక ఇంట్ల ఆవకాయ సీసా. కుట్టుమిషన్ ఉన్న ఒకామె నా అంగీకి కాలరు తిప్పి కుట్టిచ్చింది. ఇది చూసి వీధోళ్ళు గూడ ఒకరికొకరు ఇచ్చుకునుడు మొదలు పెట్టిండ్రు. గ్యాసు ఉన్నోళ్ళు గ్యాసు లేనోళ్ళ అన్నం వండిండ్రు, బోరుకు చేతిపంపు ఉన్నోళ్ళు నీళ్ళిచ్చిండ్రు. నర్సమ్మ మొగడు మాత్రం ఏమీ ఇయ్యలేకపోయె. ఆయన దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్పే సారు. సెంటరు మూత. లుంగీ కట్టుకొని నిన్నటి పేపరు పట్టుకొని వాకిట్ల అటు ఇటు తిరిగేటోడు. అందరికి ఏదో ఒక పని ఉన్నది, ఆయనకు లేదు. ఆ కోపం ఆయన ముఖం మీదనే ఉండె.

ఆరో రోజు పొద్దున బండి తోసుకుంట పోతే, గేటు కాడ సారు నిలబడి ఉన్నడు. అటు ఇటు గోడల మీద నుంచి ఆడోళ్ళు చూస్తున్నరు.

"ఏమయ్యా, ఏం చేశావు ఆ రోలుని? మా ఆవిడ ఇడ్లీలు వేసి నాలుగిళ్ళకు పంపింది. నాలుగిళ్ళవాళ్ళూ ఇసక ఉమ్ముకుంటున్నారు."

"ఇసక నాది కాదు సారూ. రాయి కడిగే ఇచ్చిన."

"కడిగిన రాయిలో ఇసక ఎలా వస్తుంది? మీ కోపం ప్రభుత్వం మీదైతే అక్కడ చూసుకోండి. మా పళ్ళ మీద దేనికి ఉద్యమం?"

గోడల మీద నుంచి నవ్విండ్రు. నాకు తిక్క లేసింది. "నాకు పగ ఉంటే సారూ, సుత్తె చేతిలనే ఉంటది. పిండిల రాయి కలుపుకుంట కూసుంటనా?"

నేను చెప్పింది ఏందంటే, నాకు మీ మీద పగ లేదని. వాళ్ళకు వినబడ్డది సుత్తె ఒక్కటే. నవ్వులు ఆగినయి. సారు రెండడుగులు ఎనుకకు ఏసి గేటు పెట్టిండు. నర్సమ్మ ఇంట్ల లేదు, పాల కోసం పోయింది. నేను బండి మలుపుకున్న. ఆనాడు కట్టు ఇప్పనే లేదు.

ఇంటికొచ్చినంక నా మానం నాకు పెద్దగైంది. పిలిస్తెనే పోతనని కూసున్న. ఆ రోజు పోలే, తెల్లారి పోలే. పాత ధోతి పేలిక మళ్ళ కట్టిన. మూడో రోజు పొద్దున ఇంట్ల వాసన మొదలైంది. ఇద్దరికీ తెలిసింది. చివరికి ఆమే అన్నది.

"ఏమయ్యా, రోలు కొట్టినంక తవుడు నూరి పారబోయమని నర్సమ్మకు చెప్పినవా?"

"అది చెప్పేదేంది? ఆడోళ్ళకు ఎరుకే గదా."

"ఏ ఆడోళ్ళకు? మన ఊర్ల ఆడోళ్ళకు. ఆమె జనమంత సూదులేసిన మనిషి. మిక్సీ ఒత్తిన చెయ్యి అది. ఆమెకెట్ల ఎరుక?"

మా ఊర్లల్ల కొత్త గంట్లు పెట్టిన రాయి మీద ముందుగాల పిడికెడు తవుడు నూరి పారబోస్తరు, తర్వాత నూకలు నూరి కోళ్ళకేస్తరు, అప్పుడు గానీ మనుషుల తిండి నూరరు. గంట్లల్ల ఇరుక్కున్న రాతిపొడి నీళ్ళకు పోదు, తవుడుకే వస్తది. మా అయ్య ఎన్నడూ ఎవలకూ చెప్పంగ నేను వినలే. చెప్పాల్సిన పని ఉండకపోయె. పట్నంల రాయి ఉన్నది, ఆ ఎరుక లేదు. అది నా తప్పు.

"నీ నోటి కోసం నా కాలు పోవాల్నా?" అన్నది ఆమె. గట్టిగ అనలే. మెల్లగ అన్నది, అదే నన్ను లేపింది.

కిరాణం కాడ తవుడు అడుక్కొని, బండి మీద ఆమెను కూసోబెట్టి బయలెల్లిన. గేటు కొట్టంగనే నర్సమ్మ వచ్చింది.

"రెండు రోజులు ఏమైపోయారు? కాలు చూపించు."

"సారు గేటు పెట్టిండమ్మా."

"ఆయన పెడితే నేను తీస్తాగా. పిలవడానికి నోరు లేదా? అవసరం లేనప్పుడు మాత్రం బాగా లేస్తుందటగా."

ఆమె కట్టు ఇప్పింది. పుండు అంచుకు జొన్నగింజంత నలుపు. ఆమె అంత కత్తిరించి, కడిగి, వేలు మీద వేలేసి నొక్కి చూసుకుంట చాలసేపు కూసున్నది. "వేలు నిలబడుతదా అమ్మా?" అని అడిగిన. "ఇప్పుడు చెప్పను. ఇకనుంచి రెండు పూటలా రావాలి. నలుపు పైకి పాకకపోతే నాది గెలుపు. పాకితే ఎలాగైనా పెద్దాసుపత్రికి మోసుకెళ్ళాలి," అన్నది.

నేను లేచి రోలు ముందట కూసున్న. తవుడు పోసి పొత్రం పట్టుకున్న. మొగోడు రోలు ముందట కూసుంటే మా దిక్కు పిల్లలు గూడ నవ్వుతరు. ఇక్కడ గోడల మీద తలకాయలు లేచినయి. ఒకామె ఇంకొకామెను పిలిచి చూపించింది. నేను తిప్పుతనే ఉన్న. లేత రంగు తవుడు బూడిద రంగైంది. తీసి సారు కాళ్ళ ముందట పోసిన.

"చూడుర్రి సారూ. మీరు తిన్న ఇసక ఇది. నేను కలపలే. కానీ తీయమని చెప్పలే. తప్పు నాదే."

రెండోసారి నూరితే రంగు తగ్గింది. మూడోసారికి తవుడు తవుడు లెక్కనే ఉన్నది. తర్వాత నూకలు. నా పెండ్లాం బండి మీద నుంచే, "ఎడమచెయ్యి ఆడియ్యి, పొత్రం ఎంట తోసుకుంట పోవాలె, నూకలు అంచుకు పోయినయి చూడు," అనుకుంట హుకుంలు ఇస్తనే ఉన్నది. గోడల మీద ఆడోళ్ళు ఆమె దిక్కు చేరిండ్రు. ఆఖరుకు నర్సమ్మ కొబ్బరి, పచ్చిమిరపకాయలు తెచ్చి పోసింది. చట్నీ నూరి, ముందుగాల నేనే వేలు తోని తీసి నోట్ల ఏసుకొని, అందరికి వినబడేటట్టు పండ్లు కొరికిన. కరకర లేదు. సారు దిక్కు చెయ్యి చాపిన. ఆయన కొంచెం నాకి, కండ్లు మూసుకొని నమిలిండు.

"ఉప్పు తక్కువైంది," అన్నడు.

అంతే. ఆ ఒక్క మాటకు వీధి వీధంత నవ్వింది, ఆయన గూడ నవ్విండు. నేను గంట్లు పెట్టిన మిగతా నాలుగిండ్లు తిరిగి నాలుగు రోళ్ళ మీద తవుడు నూరిచ్చిన, తిట్టినోళ్ళ తిట్లు తిని, నవ్వినోళ్ళతోని నవ్వి.

పొద్దుమూకినంక సారు కాయితం తెచ్చిండు. "ఈ తవుడు సంగతి రాసి ప్రతి ఇంట్లో ఇవ్వు. మళ్ళీ ఎవరూ పొరపాటు చెయ్యరు," అన్నడు. నాకు రాయరాదని చెప్పిన. ఆయన, నేనే రాసిస్తాలే అన్నడు. నాకు ఏమైందో, "రాసియ్యకుర్రి సారూ, నేర్పుర్రి," అన్న.

ఆయన ముఖం అప్పుడు చూడాలె. ఎన్ని రోజులకు ఆయన దగ్గర ఉన్నది ఒకరు అడిగిండ్రు. "ఫీజు ఉంటుంది మరి. రోజూ మా ఇంట్లో చట్నీ నువ్వే నూరాలి," అన్నడు.

పెన్సిలు పడితే రెండు నిమిషాలకు ముల్లు ఇరిగేది. మూడు పెన్సిళ్ళు ఇరగ్గొట్టిన. సారు తల పట్టుకొని, "నీకు తెలిసినదాంతో రాయవయ్యా," అన్నడు. పగిలిన షాబాదు బండ ముక్క ఒకటి తెచ్చి ఉలి పట్టిన. సారు సుద్దముక్కతోని గీసిస్తే నేను దాని మీద గంట్లు కొట్టిన. త. వు. డు. నేను నేర్చిన మొదటి మాట దేవుని పేరు కాదు, నా పేరు కాదు. తవుడు. ఆనాటి నుంచి ఏ రోలు బాగుచేసినా దాని అంచు మీద ఆ మూడక్షరాలు కొట్టిచ్చిన. ఇప్పటికీ ఆ వీధి రోళ్ళ మీద చూడొచ్చు. డు కొంచెం వంకర.

ఇదంత జరుగుతున్నా నా మనసు వేలు మీదనే. పొద్దున, సాయంత్రం రెండు పూటలా బండి తోసిన. నర్సమ్మ కట్టు ఇప్పేటప్పుడు నేను ఆమె ముఖమే చూసేటోన్ని, పుండు చూసేటోన్ని కాదు. మూడో రోజు నలుపు అక్కడ్నే ఉన్నది. అయిదో రోజు అంచుకు ఎర్రటి కొత్త కండ వచ్చింది. "పాకలేదు," అన్నది ఆమె. ఆ రోజు కట్టు కట్టుకుంట ఏదో కూనిరాగం తీసింది. నా పెండ్లాం అప్పుడు నన్ను చూసి, "ఇప్పుడు ఊపిరి పీల్చుకో, రెండు వారాలైంది పీల్చక," అన్నది.

బస్సులు మళ్ళ రోడ్డెక్కినంక గూడ మేము బండి మీదనే పోయినం, పుండు పూర్తిగ మూసుకునేదాక. ఒకనాడు పొద్దున నర్సమ్మ కట్టు ఇప్పి, మళ్ళ కట్టలే. దూది డబ్బా మూత పెట్టింది. "ఇంక నా దగ్గర నీకు పని లేదమ్మా," అన్నది నా పెండ్లాంతోని. "దిగు."

ఆమె దిగనీకి భయపడ్డది. అన్ని రోజులు గాలిల పెట్టిన కాలు. నేను పట్టుకోబోతే, "జరగు," అన్నది. నల్లా కింద కాలు కడుక్కొని, వాకిట్ల ఎండిన బండ మీద పాదం పెట్టింది. ఒత్తి పెట్టింది, మీద బరువంత ఏసి. తీసింది.

బండ మీద తడి అడుగు. అయిదు వేళ్ళు. నర్సమ్మ వంగి ఒక్కొక్క వేలు గుర్తు ముట్టి లెక్కబెట్టింది. ఉద్యోగంల ఎన్ని కాళ్ళు తీసేయంగ చూసిందో ఆమె, కొంగు కండ్లకు ఒత్తుకున్నది. మా ఆమె మాత్రం రాణి లెక్క నిలబడ్డది.

ఎండకు ఆ తడి అంచుల నుంచి ఆరుతున్నది. సారు తొందరపడ్డడు. "పెద్దాయనా, ఉలి తీసుకురా. ఆరిపోయేలోపు గుర్తు చెక్కేద్దాం, ఉంటుంది."

"ఎందుకు సారూ," అన్న నేను. "కావాలంటే మళ్ళ తొక్కుతది."

ఆమె మళ్ళ తొక్కింది.